రెండో హార్డ్ డిస్క్ కనిపించట్లేదా? 'ఫార్మాట్' అనే మాటకి ముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి

కంప్యూటర్ ఆన్ అవుతోంది. విండోస్ ఎప్పటిలాగే వస్తోంది. నెట్ పనిచేస్తోంది, గేమ్ నడుస్తోంది. కానీ 'దిస్ పీసీ' ఓపెన్ చేస్తే సీ డ్రైవ్ ఒక్కటే ఉంది, డి డ్రైవ్ లేదు. నిజామాబాద్‌లో గానీ, బోధన్‌లో గానీ ఈ సమస్య పట్టుకుని పోతే మొదట వినిపించే మాట దాదాపు ఒకటే: "ఫార్మాట్ కొట్టాలె."

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఆ మాట చివర్న రావాలి, మొదట కాదు. ఖలీల్‌వాడిలో ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు నొప్పి ఎక్కడో అడుగుతాడు, చెయ్యి పెట్టి చూస్తాడు, అవసరమైతే స్కాన్ రాస్తాడు. తలుపు తీయగానే "ఆపరేషన్ చేద్దాం" అనే డాక్టర్ దగ్గర మనం కూర్చోం. మరి పదేళ్ల ఫొటోలున్న డిస్క్ విషయంలో మాత్రం ఎందుకు ఒప్పుకుంటున్నాం?

కనిపించని డిస్క్ అంటే చచ్చిపోయిన డిస్క్ అని అర్థం కాదు. కేబుల్ నుంచి డ్రైవ్ లెటర్ దాకా ఎక్కడ తేడా వచ్చినా బయటికి కనిపించే లక్షణం ఒకటే. కారణాలు మాత్రం పదుల్లో ఉంటాయి. వాటిలో చాలావాటికి డేటాని ముట్టుకోవాల్సిన అవసరమే లేదు.

'డి డ్రైవ్‌లో వేసిన, సేఫ్' అనే పాత నమ్మకం

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇంట్లో ఒకటే డిస్క్ ఉండేది. దాన్నే సీ, డి అని ముక్కలు చేసేవాళ్లు. వైరస్ వస్తే షాపులో సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి, విండోస్ మళ్లీ వేసి ఇచ్చేవాళ్లు. డి డ్రైవ్‌లో ఉన్న పాటలు, ఫొటోలు అలాగే ఉండేవి. అందుకే మన ఇళ్లలో రెండు నమ్మకాలు గట్టిగా నాటుకున్నాయి. ఒకటి, డి డ్రైవ్‌లో వేస్తే సేఫ్. రెండోది, ఫార్మాట్ కొడితే కంప్యూటర్ బాగవుతుంది.

ఆ రోజుల్లో రెండూ కొంతవరకు నిజమే. ఇప్పుడు సెటప్ మారిపోయింది. పాత పీసీ స్లో అయిందంటే మనందరం ఇచ్చే సలహా ఎస్‌ఎస్‌డీ వేయించుకోమనే. మంచి సలహానే, నేనూ అదే చెప్తాను. 256 జీబీ ఎస్‌ఎస్‌డీలో విండోస్ వేస్తాం, పాత 1 టీబీ హార్డ్ డిస్క్‌ని రెండో డ్రైవ్‌గా ఉంచుతాం. ల్యాప్‌టాప్ అయితే డీవీడీ డ్రైవ్ పీకేసి, ఆ చోట క్యాడీలో పాత డిస్క్ బిగిస్తాం.

దీని ఫలితం ఏంటి? కొత్తగా, గట్టిగా ఉన్న ఎస్‌ఎస్‌డీలో ఉన్నది విండోస్. అది పోయినా అరగంటలో మళ్లీ వేసుకోవచ్చు. పెళ్లి ఫొటోలు, పిల్లల వీడియోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, బీటెక్ ప్రాజెక్టులు మాత్రం ఇంట్లో అన్నిటికంటే పాతదైన, తిరిగే పార్ట్‌లున్న డిస్క్‌లో కూర్చున్నాయి. అదీ ఒక్క కాపీ. డి డ్రైవ్ ఇప్పుడు వేరే పార్టిషన్ కాదు, వేరే డిస్క్. పైగా కనిపించకుండా పోయింది కూడా అదే. ఇప్పుడు షాపులో "ఫార్మాట్" అంటే ఏ డ్రైవ్ గురించి అంటున్నారో ఆలోచించండి. మాట పాతదే, అర్థం తలకిందులైంది. ఇరవై ఏళ్ల కింద డి డ్రైవ్‌ని కాపాడిన మాట ఇవాళ దాన్నే తుడిచేస్తుంది.

బోధన్‌లో ఒక డిస్క్ కథ

మా పెద్దబాపు శక్కర్‌నగర్‌లో, నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. 1930ల్లో నిజాం హయాంలో పుట్టిన ఫ్యాక్టరీ అది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. నిజాంసాగర్ కాలువ నీళ్లు, చుట్టుపక్కల చెరకు తోటలు, క్రషింగ్ సీజన్‌లో బండ్ల వరసలు, బోధన్ అంటే అదే. 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. కాలనీలో కలిసి పెరిగిన కుటుంబాలు తలో దిక్కు వెళ్లిపోయాయి.

ఆయన దగ్గర ఒక డిజిటల్ కెమెరా ఉండేది. క్రషింగ్ రోజులు, తోటివాళ్ల రిటైర్మెంట్ ఫంక్షన్లు, కాలనీలో బతుకమ్మ, అన్నీ తీసి డి డ్రైవ్‌లో ఫోల్డర్లుగా పెట్టుకున్నాడు. వాటిలో ఉన్నవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. ప్రింట్ తీయించినవి పదో పన్నెండో.

పీసీ స్లో అయిందని నిజామాబాద్‌లో ఒక షాపులో ఎస్‌ఎస్‌డీ వేయించాడు. బోధన్‌కి తెచ్చి ఆన్ చేస్తే స్పీడు అదిరింది, డి డ్రైవ్ మాత్రం లేదు. మళ్లీ పాతిక కిలోమీటర్లు మోసుకుపోతే, డిస్క్ పాతది కాబట్టి వీక్ అయింది, ఫార్మాట్ కొట్టి చూద్దాం, లేకుంటే కొత్తది వేద్దాం అన్నారట. ఆయన నాకు ఫోన్ చేశాడు.

"అరే, షాపాయన ఫార్మాట్ కొడ్తనంటున్నడు. కొట్టమందునా? ఫొటోలు ఉంటయా, పోతయా?"

"వద్దు పెద్దబాపు. ఏం కొట్టియ్యకు. పీసీ బంద్ చేసి ఇంటికి తెచ్చుకో. శనివారం నేనొస్త."

శనివారం వెళ్లి చూస్తే, డిస్క్ మీద వేలు పెడితే తిరుగుతున్న అదురు తెలుస్తోంది. చప్పుడు మామూలుగానే ఉంది. కానీ బయాస్ లిస్టులో పేరు లేదు. అంటే కరెంట్ అందుతోంది, డేటా దారి మూసుకుపోయింది. మదర్‌బోర్డ్ మాన్యువల్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి చూస్తే, చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఎం.2 స్లాట్‌లో సాటా రకం ఎస్‌ఎస్‌డీ పెడితే ఫలానా సాటా పోర్ట్ పనిచేయదని. పాత డిస్క్ కేబుల్ సరిగ్గా ఆ పోర్ట్‌కే ఉంది. పవర్ ఆపి, కేబుల్ పక్క పోర్ట్‌కి మార్చాను. డి డ్రైవ్ వచ్చేసింది. పట్టిన టైమ్ పది నిమిషాలు, అందులో మాన్యువల్ చదవడానికే ఎనిమిది.

ఇక్కడ నన్ను భయపెట్టింది ఒకటుంది. ఆ డిస్క్‌ని షాపులో వేరే కంప్యూటర్‌కి తగిలించి ఫార్మాట్ కొట్టి ఉంటే, అది "బాగయ్యేది". డ్రైవ్ చక్కగా కనిపించేది, ఖాళీగా. "చూడండి, వచ్చేసింది" అనేవాళ్లు. తప్పు వైద్యం కూడా సక్సెస్‌లాగే కనిపించేది. తర్వాత ఎవరికీ అసలు కారణం తెలిసేది కాదు.

ఎక్కడి దాకా కనిపిస్తోంది?

చివరి ఆయకట్టుకి నీళ్లు రాకపోతే రైతు ప్రాజెక్టు ఎండిపోయిందని తేల్చేయడు. కాలువ గట్టు పట్టుకుని నడుస్తూ, ఏ తూము దగ్గర ఆగిందో చూస్తాడు. డిస్క్ విషయంలో కూడా అంతే. నాలుగు తూములు ఉన్నాయి. వరసగా చూడాలి, మధ్యలో దూకకూడదు.

మొదటి ప్రశ్న: డిస్క్‌కి కరెంట్ అందుతోందా? హార్డ్ డిస్క్ అయితే ఆన్ చేసినప్పుడు తిరిగే సన్నని చప్పుడు, అదురు ఉంటాయి. అవి లేకపోతే పీసీ ఆపి, ప్లగ్ తీసి, పవర్ కేబుల్ మార్చి చూడండి. బయటి హార్డ్ డిస్క్ అయితే క్యాబినెట్ ముందున్న యూఎస్‌బీ పోర్ట్ వదిలేసి, వెనక మదర్‌బోర్డ్ పోర్ట్‌కి పొట్టి కేబుల్‌తో పెట్టండి. ముందు పోర్ట్‌లు, పొడుగు కేబుళ్లు, చీప్ హబ్‌లు కొన్ని డిస్కులకి సరిపడా కరెంట్ ఇవ్వలేవు. ఇంకో విచిత్రం కూడా ఉంది. పెద్ద సైజు బయటి డిస్క్ డబ్బా విప్పి, లోపలి డిస్క్‌ని పీసీలో పెట్టుకునేవాళ్లకి అది అసలు తిరగకపోవచ్చు. కొత్త సాటా స్టాండర్డ్‌లో పవర్ కనెక్టర్ మూడో పిన్‌కి 3.3 వోల్ట్‌లు అందితే డిస్క్ ఆగి ఉండాలనే ఫీచర్ చేరింది. పాత పవర్ సప్లైలు ఆ పిన్‌కి ఎప్పుడూ కరెంట్ ఇస్తూనే ఉంటాయి. డిస్క్ బాగానే ఉంటుంది, మనం దాన్ని "పడుకో" అంటున్నామంతే.

రెండో ప్రశ్న: బయాస్‌లో పేరు ఉందా? ఆన్ చేయగానే డిలీట్ గానీ, ఎఫ్2 గానీ నొక్కి లోపలికి వెళ్లి స్టోరేజ్ లిస్ట్ చూడండి. అక్కడ లేకపోతే విండోస్‌లో ఏం చేసినా దండగ. సాటా కేబుల్ మార్చండి, పోర్ట్ మార్చండి, మాన్యువల్‌లో ఎం.2, సాటా పోర్ట్‌ల షేరింగ్ టేబుల్ చదవండి. ఎం.2 ఎస్‌ఎస్‌డీనే కనిపించకపోతే దాని రకం చూడండి. సాటా, ఎన్‌వీఎంఈ రెండూ ఒకే ఆకారంలో వస్తాయి. ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకునే స్లాట్‌లో సాటా రకం పెడితే స్క్రూ బిగుస్తుంది, డ్రైవ్ కనిపించదు. ల్యాప్‌టాప్ క్యాడీ అయితే, దాని పక్కన చిన్న స్విచ్ ఉందేమో చూడండి. కొన్ని క్యాడీలకి ల్యాప్‌టాప్ మోడల్‌ని బట్టి దాన్ని మార్చాల్సి ఉంటుంది.

మూడో ప్రశ్న: డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఏమని రాసి ఉంది? విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కితే వచ్చే లిస్టులో ఉంటుంది. ఇక్కడ ఉన్న ఒక్కో పదానికి ఒక్కో అర్థం ఉంది. 'ఆఫ్‌లైన్' అని ఉంటే, పాత డిస్క్‌ని ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేశాక రెండూ ఒకేసారి తగిలించి ఉండొచ్చు. రెండింటికీ ఒకే సిగ్నేచర్ ఉండటంతో విండోస్ ఒకదాన్ని పక్కన కూర్చోబెడుతుంది. డిస్క్ పేరు మీద రైట్ క్లిక్ చేసి 'ఆన్‌లైన్' అంటే చాలు. 'ఫారిన్' అని ఉంటే అది ఇంకో కంప్యూటర్‌లో డైనమిక్ డిస్క్‌గా చేసింది, 'ఇంపోర్ట్' చేసుకోవాలి. పార్టిషన్ 'హెల్తీ' అని ఉండి అక్షరం లేకపోతే, సమస్య నాలుగో మెట్టుది. 'రా' అనో, 'నాట్ ఇనిషియలైజ్డ్' అనో, డేటా ఉండాల్సిన చోట 'అన్‌అలొకేటెడ్' అనో ఉంటే, చెయ్యి మౌస్ మీద నుంచి తీసేయండి. దాని గురించి కింద చెప్తాను.

నాలుగో ప్రశ్న: డ్రైవ్ లెటర్ ఉందా? అన్నీ బాగున్నా అక్షరం కేటాయించకపోతే 'దిస్ పీసీ'లో డ్రైవ్ రాదు. 'చేంజ్ డ్రైవ్ లెటర్' అనే ఆప్షన్‌లో ఖాళీగా ఉన్న అక్షరం ఇస్తే వచ్చేస్తుంది. డ్రైవ్ మీద తాళం గుర్తు ఉంటే అది బిట్‌లాకర్. 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. చాలామందికి అది వాళ్ల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. అక్కడ వెతక్కుండా ఫార్మాట్ దాకా పోవద్దు.

ఇంకో చిట్కా. ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి చేసి పెట్టుకోండి. విండోస్‌లో రాని డిస్క్ అక్కడ ఓపెన్ అయితే సమస్య డిస్క్‌ది కాదు, విండోస్‌ది. డిస్క్‌లో ఏమీ రాయకుండా ఫైళ్లు వేరే డ్రైవ్‌కి కాపీ చేసుకోవచ్చు.

మూడు డేంజర్ బటన్లు

డిస్క్ మేనేజ్‌మెంట్ ఓపెన్ చేయగానే కొన్నిసార్లు ఒక బాక్స్ ఎగురుకుంటూ వస్తుంది: డిస్క్‌ని ఇనిషియలైజ్ చేయాలి, ఎంబీఆర్ కావాలా, జీపీటీ కావాలా? కొత్త డిస్క్ అయితే ఈ ప్రశ్న సరైనదే. జీపీటీ ఎంచుకోండి, ఎందుకంటే మామూలుగా ఎంబీఆర్ 2 టీబీ దాటి వాడుకోలేదు. కానీ డేటా ఉన్న పాత డిస్క్‌కి ఈ బాక్స్ వస్తే 'ఓకే' నొక్కకూడదు. ఓకే అంటే కొత్త పార్టిషన్ టేబుల్ రాస్తుంది. ఇంట్లో సామాన్లు ఉంటాయి, ఏ గది ఎక్కడుందో చెప్పే కాగితం మాత్రం మారిపోతుంది. టెస్ట్‌డిస్క్ లాంటి ఉచిత టూల్‌తో చాలాసార్లు వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ ఆ పని మనమే ఎందుకు పెంచుకోవాలి?

రెండోది, "వాడే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అనే బాక్స్. 'క్యాన్సిల్' ఒక్కటే జవాబు. క్విక్ ఫార్మాట్‌లో పాత ఫైళ్ల జాబితా పోతుంది. విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ డిస్క్ అంతా సున్నాలు రాస్తుంది, ఇక ఏ టూల్‌తోనూ రాదు. ఎస్‌ఎస్‌డీ అయితే క్విక్ ఫార్మాట్ కూడా ప్రమాదమే. ట్రిమ్ అనే కమాండ్ వెళ్లాక ఖాళీ అని చెప్పిన చోటుని ఎస్‌ఎస్‌డీ తనంతట తనే తుడిచేసుకుంటుంది.

మూడోది చెక్‌డిస్క్. నెట్‌లో ప్రతి వీడియోలో మొదటి సలహా ఇదే. ఫైల్ సిస్టమ్‌ని సరిచేయడం దాని పని, మీ ఫైళ్లని కాపాడటం కాదు. డిస్క్ ఆరోగ్యంగా ఉంటే పర్లేదు. పోయే స్థితిలో ఉన్న డిస్క్ మీద గంటల తరబడి నడిపితే ఉన్న ఊపిరి కూడా పోతుంది. ముందు కాపీ, తర్వాత రిపేర్.

మైక్రోసాఫ్ట్ మీద నా కంప్లైంట్ కూడా ఇదే. ఇన్నేళ్లైనా ఆ బాక్స్‌లో "ఈ డిస్క్‌లో ముందు నుంచి డేటా ఉంటే ఆగండి" అనే ఒక్క వాక్యం పెద్దగా పెట్టలేరా? విండోస్ బటన్ల గుండ్రటి మూలల మీద పెట్టిన శ్రద్ధలో కొంత ఇక్కడ పెడితే ఎన్ని ఇళ్ల ఆల్బమ్‌లు మిగిలేవో.

డిస్క్ నిజంగానే పోతుంటే

అన్ని డిస్కులూ కేబుల్ మార్చగానే బాగవుతాయని చెప్పట్లేదు. హార్డ్ డిస్కులు చస్తాయి. టిక్, టిక్ అని ఒకే లయలో చప్పుడు వస్తున్నా, గీరుతున్న శబ్దం వచ్చినా వెంటనే పవర్ ఆపేయండి. లోపల రీడ్ హెడ్ ప్లేట్ మీద నుంచి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. తగిలితే ప్రతి రౌండ్‌కీ గీత పడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టడం, చేత్తో తట్టడం, మూత విప్పి చూడటం లాంటి వీడియో చిట్కాలు మీ డేటా మీద ప్రయోగాలు. డేటా నిజంగా విలువైందైతే క్లీన్ రూమ్ ఉన్న రికవరీ ల్యాబ్ దగ్గరికే తీసుకెళ్లాలి. ఖర్చు వేలల్లో ఉంటుంది. ఒక బ్యాకప్ డిస్క్ ధర ఎంత తక్కువో ఆ కొటేషన్ చూశాకే చాలామందికి అర్థమవుతుంది.

చప్పుడు లేకుండా స్లో అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో స్మార్ట్ రిపోర్ట్ చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు పెరుగుతుంటే డిస్క్ అరిగిపోతోంది. సీఆర్‌సీ ఎర్రర్లు మాత్రమే పెరుగుతుంటే మొదట కేబుల్‌ని అనుమానించండి. చదవలేని చోట్లు ఉన్న డిస్క్‌ని లైనక్స్‌లో డీడీరెస్క్యూతో కొత్త డిస్క్ మీదకి ఇమేజ్ తీసి, రికవరీ ప్రయత్నాలన్నీ ఆ కాపీ మీద చేయండి.

ఒక మాట గుర్తుంచుకోండి. వారంటీ డిస్క్‌కి ఉంటుంది, డేటాకి ఉండదు. మూడేళ్ల వారంటీ ఉంటే కంపెనీ ఇంకో డిస్క్ ఇస్తుంది. ఫొటోలు ఇవ్వదు.

'క్లౌడ్ ఉంది కదా' అనేవాళ్లకి

ఈ వాదన హైదరాబాద్‌లో ఫైబర్ కనెక్షన్ పక్కన కూర్చున్నవాళ్లు ఎక్కువగా చేస్తారు. లెక్క చూద్దాం. 1 టీబీ డేటాని 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో పంపాలంటే ఒక్క సెకను ఆగకుండా 9 రోజులు పడుతుంది. రోజుకి 1.5 జీబీ ఫోన్ డేటా మీద ఆధారపడ్డ ఇంట్లో అయితే రోజూ మొత్తం డేటా దానికే వాడినా 660 రోజులు దాటుతుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. గూగుల్ ఫొటోస్‌లో లిమిట్ లేని ఉచిత బ్యాకప్ 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఆ తర్వాత నెల నెలా కట్టాలి.

క్లౌడ్ వద్దని అనట్లేదు. ముఖ్యమైన వంద ఫొటోలు, సర్టిఫికెట్లు అక్కడ ఉండాల్సిందే. కానీ బోధన్‌లోనో, ఎడపల్లిలోనో ఉన్న ఇంటికి మొదటి బ్యాకప్ అంటే ఇప్పటికీ ఒక బయటి డిస్క్, ఒక యూఎస్‌బీ కేబుల్. దాని గురించి మాట్లాడటం పాత ఫ్యాషన్ ఏమీ కాదు.

షాపులని మాత్రమే తిడితే లాభం లేదు

ఇప్పటిదాకా చదివి "షాపులవాళ్లకి ఏం రాదు" అనుకుంటే అది అన్యాయం. షాపాయన వైపు నుంచి చూడండి. కౌంటర్ ముందు ఐదుగురు ఉంటారు. ఫార్మాట్ కొడితే అరగంట పని, చేతికి కొన్ని వందలు. కేబుల్ మార్చి, పోర్ట్ మార్చి, మాన్యువల్ చదివి గంటసేపు కారణం వెతికితే? "కేబులే కదా మార్చింది, దానికి డబ్బులెందుకు?" అని మనమే బేరం ఆడతాం. పనికి డబ్బులిస్తాం, ఆలోచనకి ఇవ్వం. అలాంటప్పుడు ఆలోచించే ఓపిక ఎవరికి ఉంటుంది?

అందుకే నేను కోరేది రెండువైపులా ఉంది. షాపులు 'చెకింగ్ చార్జ్' అని విడిగా బోర్డు పెట్టాలి. మనం మారు మాట్లాడకుండా కట్టాలి. ఫార్మాట్ చేసే ముందు ఏ డ్రైవ్, ఎంత డేటా పోతుంది అని రాసి కస్టమర్ సంతకం తీసుకోవాలి. ఒక చిన్న రసీదు చాలు. మీకు చెక్ చేసుకోవడం వస్తే, పీసీ షాపుకి ఇచ్చే ముందు రెండో డ్రైవ్ తీసి ఇంట్లోనే పెట్టుకోండి. ఇంట్లో ఆడవాళ్ల ఫొటోలు, ఆధార్ స్కాన్లు, బ్యాంకు కాగితాలు ఉన్న డిస్క్‌ని రాత్రంతా ఎవరి కౌంటర్ మీదో వదిలేయడం కూడా ఒక రిస్కే.

మదర్‌బోర్డ్ కంపెనీలకి ఒక మాట. పోర్ట్ షేరింగ్ విషయాన్ని మాన్యువల్ లోపలి పేజీలో దాచకుండా, ఆ పోర్ట్ పక్కనే బోర్డు మీద అచ్చు వేయండి. లైట్లకి చోటున్న బోర్డు మీద రెండు అక్షరాలకి చోటుండదా?

ఇక మనలాంటి రివ్యూ రాసేవాళ్ల వంతు. ఎస్‌ఎస్‌డీ రివ్యూ అంటే రీడ్ స్పీడ్, రైట్ స్పీడ్, వేడి, ధర. అక్కడితో ఆపేస్తాం. ఏడు వేల ఎంబీపీఎస్ వస్తోందని గ్రాఫ్ వేస్తాం. "ఇది పెడితే మీ పాత డిస్క్ పోర్ట్ ఆగిపోవచ్చు, ముందు మాన్యువల్ చూడండి" అని ఒక్క లైన్ రాయం. ఆ ఒక్క లైన్ చాలామందికి ఆ గ్రాఫ్ కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. ఇకముందు స్టోరేజ్ గురించి నేను ఏం రాసినా ఆ లైన్ ఉంటుంది.

మీ ఇంట్లో ఆ పని మీదే

ఇది చదువుతున్నారంటే మీ ఇంట్లో, మీ వాడకట్టులో 'కంప్యూటర్ తెలిసినోడు' మీరే అయి ఉంటారు. దసరాకో, సంక్రాంతికో ఇంటికి వెళ్లినప్పుడు అందరూ ఫోన్ స్లో అయిందని మీ చేతిలో పెడతారు. ఈసారి ఫోన్ల కంటే ముందు ఇంట్లో పీసీ దగ్గర కూర్చోండి. స్మార్ట్ రిపోర్ట్ ఒకసారి చూడండి. ఒక బయటి డిస్క్ కొని, రెండో డ్రైవ్ మొత్తం దానిలోకి కాపీ చేయండి. నాలుగు ఫొటోలు, రెండు వీడియోలు కాపీ నుంచే ఓపెన్ చేసి చూడండి. ఓపెన్ చేసి చూడని బ్యాకప్‌ని నమ్మొద్దు. తర్వాత కేబుల్ తీసేసి, డిస్క్‌ని బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించి ఉంచితే పిడుగు పడ్డా, ర్యాన్సమ్‌వేర్ వచ్చినా రెండూ కలిసే పోతాయి.

పెట్టే ముందు దాని మీద ఒక తెల్ల స్టిక్కర్ అంటించి, రెండు విషయాలు పెన్నుతో రాయండి. ఒకటి, కాపీ చేసిన తేదీ. రెండోది, మీరు ఊర్లో లేనప్పుడు ఎవరైనా దాన్ని షాపుకి తీసుకెళ్తే షాపాయన కంటబడేలా పెద్ద అక్షరాల్లో: "ఫార్మాట్ చేయొద్దు. ముందు ఫోన్ చేయండి." కింద మీ నంబర్.